ఫైవ్ స్ట్రింగ్ బేస్ కొంటున్నారా? షాపులో విన్న టోన్‌తో పైలం

నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట దిక్కు చర్చి బ్యాండ్లలో, ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించే అన్నలకు, తమ్ముళ్లకు ఈ హెచ్చరిక. హైదరాబాద్ దాకా పోయి, రెండు ఫైవ్ స్ట్రింగ్‌లు (ఐదు తీగల బేస్‌లు) పక్కపక్కన పెట్టి విని, "దీని టోన్ బరువుగుంది" అని ఒకటి తెచ్చుకుంటున్నరు. తీరా స్టేజీ ఎక్కితే లో బి (B) తీగ, అంటే అన్నింటికంటే లావుగుండే తీగ, గుడగుడమనడమే తప్ప ఏ స్వరమో తెలుస్తలేదు. వాపసు తీసుకోమంటే షాపువాళ్లు ఒప్పుకోరు.

ఎక్కడ దెబ్బ తింటున్నరంటే, రెండింట్లో ఒకటి యాక్టివ్, ఇంకోటి పాసివ్ ఉన్నప్పుడు. యాక్టివ్ దాంట్లో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే సర్క్యూట్) ఉంటుంది కాబట్టి సౌండ్ సాధారణంగా ఎక్కువ, పాసివ్ దాంట్లో అది ఉండదు. దానికే కొత్త తీగలు వేసి, బేస్ నాబ్ పైకి తిప్పి చేతికిస్తరు. పాసివ్ దానికేమో జీవం పోయిన పాత తీగలుంటయి. కొంచెం గట్టిగా వినిపించిందే మంచి టోన్ అనిపించడం చెవి స్వభావం.

అందుకే ముందు రెండింటినీ సమానం చేయండి. ఒకే కేబుల్, ఒకే యాంప్, యాంప్ ఈక్వలైజర్ అంతా మధ్యలో. యాక్టివ్ బేస్ మీది బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు కూడా మధ్యలోనే. చాలావాటికి అక్కడ టక్‌మని ఆగే గుర్తు ఉంటుంది. పాసివ్ దాని టోన్ నాబ్ పూర్తిగా తెరవండి. ఎ (A) తీగను ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, ఒకే బలంతో మీటుతూ రెండింటి వాల్యూమ్ కలపండి. తీగల వయసు తేడా ఉంటే టోన్ మీద తీర్పు చెప్పకండి, కొత్త సెట్ వేసి వినిపించమనండి.

అసలు పరీక్ష బి తీగది. దాని 5వ ఫ్రెట్ దగ్గర వచ్చేది ఓపెన్ ఈ (E) తీగ స్వరమే. రెండూ ఒకదాని వెంట ఒకటి మీటండి. టోన్ కొంచెం మారినా ఫర్వాలేదు, బి మీద మాత్రం స్వరం మసకబారి, మీటిన దెబ్బ వినపడకపోతే ఆ బేస్ వదిలేయండి. ఓపెన్ బి దాదాపు 31 హెర్ట్జ్. ఎనిమిదంగుళాల స్పీకరున్న ప్రాక్టీస్ యాంప్ ఆ లోతు చూపించలేదు, కనీసం 12 లేదా 15 అంగుళాల క్యాబినెట్ అడగండి. ఫోన్‌లో వీడియో విని అడ్వాన్స్ అసలే కొట్టొద్దు.

బి తీగ వదులుగా ఊగితే దాని మందం చూడండి. 125 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) ఉంటే 130 వేసి చూడొచ్చు. 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) బదులు 35 అయితే అదే తీగకు, అదే శృతికి బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది. కానీ స్కేల్ ఒక్కటే చూసి కొనకండి. నెక్ బాడీకి కలిసే జాయింట్ సరిగ్గా బిగుసుకోకపోతే 35 కూడా కాపాడదు.

జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల దాకా ఒక్కో స్వరాన్ని పట్టి ఉంచండి, ఎక్కడైనా తొందరగా చచ్చిపోతే అది డెడ్ స్పాట్, సెట్టింగుతో పూర్తిగా పోదు. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కోదాంట్లో ఒకే చుట్ట ఉండేవి) ఉన్న జాజ్ బేస్ రకమైతే ఒక పికప్ వాల్యూమ్ తగ్గించి వినండి. అక్కడ వచ్చే హమ్ పెళ్లి స్టేజీ మీద సీరియల్ లైట్ల పక్కన ఇంకా పెరుగుతుంది.

చివరగా యాక్టివ్ దాని బ్యాటరీ మూత తెరిపించండి. పాసివ్‌కు మార్చే స్విచ్ లేకపోతే, పాట మధ్యలో బ్యాటరీ అయిపోయిందంటే బేస్ మూగబోతుంది. వాయించనప్పుడు కేబుల్ పీకెయ్యాలి, జాక్ పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.