బొద్దింకలకు స్ప్రేనా, జెల్లా?

రాత్రి వంటింట్లో లైటు వేయగానే బొద్దింకలు పరుగెడితే ముందు చేతికి తీసుకునేది స్ప్రే డబ్బానే. ఎదురుగా ఉన్నదాన్ని క్షణాల్లో పడేస్తుంది, అంతవరకు దానికి సాటి లేదు. కానీ ఫ్రిజ్ వెనక, గోడ పగుళ్లలో దాక్కున్నవాటికి అది చేరదు. గుడ్ల తిత్తికీ పెద్దగా ఏమీ కాదు. వంటిళ్లలో తిరిగే చిన్న రకం, జర్మన్ బొద్దింక పెట్టే ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి. పైగా స్ప్రే గిన్నెల మీద పడుతుందని టెన్షన్. పొయ్యి వెలుగుతుంటే అసలు కొట్టకూడదు.

జెల్ పద్ధతి వేరు. ఫిప్రోనిల్ లేదా ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు కలిపిన ఎర అది. తిన్న బొద్దింక వెంటనే చావదు, దాక్కునే చోటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టనో, చచ్చినదాన్నో తిన్నవి కూడా పోతాయి. అల్మారా తలుపు బందుల దగ్గర, సింకు కింద పైపు సందుల్లో చిన్న చిన్న చుక్కలు చాలు. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోటే పెట్టండి. ఫలితం తెలియడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు.

నా ఓటు జెల్‌కే. రెండూ ఒకేచోట మాత్రం వాడకండి, స్ప్రే పడిన ఎరను బొద్దింకలు ముట్టవు. రాత్రంతా సింకులో ఎంగిలి గిన్నెలున్నా అంతే, వేరే తిండి దొరికితే ఎర జోలికి రావు.