నిద్ర లెక్కల కోసం బ్యాండు కొంటున్నారా? కాస్త ఆగండి

చేతికి పెట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండును నిద్ర కోసమే కొనాలని చూస్తున్నవారికి ఇది రాస్తున్నాను. అడుగుల లెక్కకో, ఫోను మోగితే మణికట్టు మీద తెలియడానికో కొనేవారు దీన్ని వదిలేయవచ్చు. నేను కొన్నది ప్రత్యేకంగా నిద్ర కోసం. తొమ్మిది నెలలు దాని మాట నమ్మి, ఉన్న జబ్బును పెంచి పోషించాను.

పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉండేది. మధ్యాహ్నమయ్యేసరికి కుర్చీలోనే కళ్లు మూతలు పడేవి. నా గురకతో మా ఆవిడకు ఎలాగూ నిద్ర లేదు. "గురక సంగతి సరే, మధ్యమధ్యలో మీ ఊపిరి ఆగిపోతోంది, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి" అని ఆమె చెబుతూనే ఉంది. నేనేమో ఫోను తీసి చూపించేవాణ్ణి. నిద్ర స్కోరు 86. గాఢ నిద్ర గంటా నలభై నిమిషాలు. కింద ముచ్చటైన ఊదారంగు గ్రాఫు. ఇంత బాగా నిద్రపోతుంటే డాక్టరు దేనికి అని వాదించేవాణ్ణి. పక్కనే ఉండి చెవులారా విన్న మనిషి మాట కంటే ఆ గ్రాఫు నాకు ఎక్కువైంది.

మొదటి అనుమానం ఒక అర్ధరాత్రి వచ్చింది. దగ్గరి బంధువుకు ఒంట్లో బాగాలేదని ఫోను రావడంతో, రెండున్నర నుంచి నాలుగింటి దాకా కదలకుండా పైకప్పు చూస్తూ పడుకున్నాను. కంటిమీద కునుకు లేదు. తెల్లారాక యాప్ తెరిస్తే ఆ గంటన్నరలో చాలా భాగం 'తేలిక నిద్ర', చివర ఇరవై నిమిషాలు 'గాఢ నిద్ర' అని ఉంది!

ఇలా ఎందుకు జరుగుతుందో తర్వాత తెలుసుకున్నాను. ఈ బ్యాండ్లలో ప్రధానంగా ఉండేవి రెండు సెన్సార్లు. ఒకటి చేతి కదలికను పడుతుంది. రెండోది చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి నాడిని లెక్కిస్తుంది. కదలిక లేదు, నాడి నెమ్మదిగా ఉంది, అయితే నిద్రే అయి ఉంటుంది అనుకోవడం దాని పని. మనిషి నిద్రపోతుంటే నిద్ర అని బాగానే చెబుతుంది. మెలకువగా కదలకుండా పడుకుంటే మాత్రం తడబడుతుంది. అంటే హాయిగా నిద్రపోయేవారికి కాస్త సరైన లెక్క, నిద్ర పట్టక అల్లాడేవారికి కాకిలెక్క. కొనేది ఎక్కువగా ఈ రెండో రకం వాళ్లే కదా! (ఒకసారి స్నానానికి వెళ్తూ దాన్ని తీసి మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టాను. వచ్చేసరికి తువ్వాలు నాడి నిమిషానికి 71.)

మరో విచిత్రం. ఒక అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచి నా గాఢ నిద్ర గంటా నలభై నుంచి యాభై అయిదు నిమిషాలకు పడిపోయింది. మారింది నా నిద్ర కాదు, వాళ్ల సూత్రం. ఆ సూత్రమేమిటో వాళ్లు చెప్పరు. పైగా దశలవారీ వివరాలు చూడాలంటే నెలనెలా చందా కట్టాలట.

సిగ్నల్ దగ్గర ఆగిన కారులో నాకు కునుకు పట్టి, వెనకనున్న హారన్లకు ఉలిక్కిపడి లేచిన రోజు ఇక వాదన మానేశాను. డాక్టరు స్లీప్ స్టడీకి రాశారు. తల మీద జిగురుతో తీగలు, కళ్ల పక్కన రెండు, గడ్డం కింద రెండు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకీ పొట్టకూ పట్టీలు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. అన్నీ అతికించాక అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది. నిద్ర ఏ దశలో ఉందో తేల్చేవి మెదడు తరంగాలు, కనుగుడ్ల కదలిక, గడ్డం కింది కండరాల బిగువు. వీటిలో ఒక్కటి కూడా మణికట్టు దగ్గర నేరుగా దొరకదు. కళ్లు వేగంగా కదిలే నిద్ర గురించి 1953లో అసరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు ప్రకటించగలిగారంటే, అది కళ్ల కదలికలను నమోదు చేసి చూసినందువల్లనే. బ్యాండు ఆ దశను నాడిని బట్టి ఊహిస్తుంది.

ఆ రాత్రి బ్యాండు కూడా చేతికే ఉంచుకున్నాను, అనుమతి అడిగి. అక్కడ 30 సెకన్లకు ఒక ముక్కగా రాత్రంతా విడదీసి చూస్తారు. వాళ్ల లెక్కలో నేను నిద్రపోయింది 5 గంటల 10 నిమిషాలు, బ్యాండు లెక్కలో 7 గంటల 5 నిమిషాలు. గాఢ నిద్ర అక్కడ 31 నిమిషాలు, ఇక్కడ 58. ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో సగటున గంటకు 24 సార్లు. 15 నుంచి 30 మధ్య ఉంటే మధ్యస్థ స్థాయి స్లీప్ ఆప్నియా అంటారు. బ్యాండు ఇచ్చిన స్కోరు 84. శిక్షణ పొందిన ఇద్దరు కూర్చున్నా ప్రతి ముక్క దగ్గరా ఏకీభవించరని అక్కడి టెక్నీషియన్ చెప్పారు, అది నిజమే. ఒక్క రాత్రితో అన్ని బ్యాండ్లనూ తీసిపారేయడం కూడా న్యాయం కాదు. కానీ రెండు గంటల తేడాను ఏకాభిప్రాయ లోపం అనలేం.

కస్టమర్ కేర్‌కు రాస్తే వచ్చిన జవాబు రెండు వాక్యాలు. ఇది వైద్య పరికరం కాదు, సాధారణ ఆరోగ్య అవగాహనకు మాత్రమే. రిటర్న్ గడువు దాటిపోయింది. పెట్టె మీద 'మీ నిద్రను లోతుగా తెలుసుకోండి' అని బొటనవేలంత అక్షరాలు, ఆ మొదటి వాక్యం మాత్రం లోపలి కాగితంలో చీమ తలకాయంత.

న్యాయంగా చెప్పాలంటే, మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024లో శామ్‌సంగ్, ఆపిల్ గడియారాల్లో ఆప్నియా లక్షణాలను గుర్తించి హెచ్చరించే సదుపాయానికి అనుమతి ఇచ్చింది. అది కూడా పరీక్ష చేయించుకోమనే సూచనే, రోగ నిర్ధారణ కాదు. అలాంటి అనుమతి మీరు కొనే మోడల్‌కు ఉందో లేదో విడిగా చూసుకోండి. 'ఆక్సిజన్ కొలుస్తుంది' అన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఇక స్కోరు తగ్గిందనే బెంగతోనే నిద్ర పోగొట్టుకునేవారు వేరే ఉన్నారు. దానికి పరిశోధకులు 2017లో 'ఆర్థోసోమ్నియా' అని పేరు కూడా పెట్టారు.

ఇప్పటికే కొనేసి, తిరిగి ఇచ్చే గడువులో ఉంటే ఒక పని చేయండి. పడుకునే వేళకు దీపం ఆర్పి, కళ్లు తెరిచి, కదలకుండా నలభై నిమిషాలు ఏదైనా వింటూ ఉండండి. టైము కాగితం మీద రాసి పెట్టుకోండి. పొద్దున యాప్ ఆ నలభై నిమిషాలను ఏమని రాసిందో చూడండి. బిల్లు, పెట్టె పారేయకండి.

ఇప్పుడు ఊపిరి ఆగకుండా గాలి పంపే మాస్కు ముక్కుకు పెట్టుకుని పడుకుంటున్నాను. పెట్టుకున్న మొదటి రాత్రి, కొన్నేళ్ల తర్వాత, తల దిమ్ము లేకుండా లేచాను. ఆ రాత్రికి బ్యాండు ఇచ్చిన స్కోరు 69.