బ్యాంకు మెసేజ్‌కి చార్జీ కట్టాలా, ఈమెయిల్‌తో సరిపెట్టుకోవాలా: ఏది మేలు?

స్టేట్‌మెంట్‌లో ‘ఎస్ఎంఎస్ చార్జెస్’ అని 17 రూపాయల 70 పైసలు కట్ అయినట్టు కనిపించగానే అందరికీ ఒకటే అనుమానం వస్తుంది. యాప్‌లో నోటిఫికేషన్ వస్తోంది, ఈమెయిలూ వస్తోంది, మళ్లీ ఈ మెసేజ్‌కి డబ్బులెందుకు, ఆపేస్తే పోలా? చుట్టాల్లో, ఆఫీసులో ఈ మాట నన్ను అడగనివాళ్లు తక్కువ. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. ఒకప్పుడు చాలా బ్యాంకులు మెసేజ్‌లు ఎన్ని పంపినా మూడు నెలలకు 15 రూపాయలని టోకున తీసుకునేవి. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే వచ్చేదే పైన చెప్పిన 17.70. ఏడాదికి 70 రూపాయల 80 పైసలు. ఖాతాలో నెలకు రెండు లావాదేవీలు కూడా జరగని పెద్దాయన దగ్గరా, రోజంతా కార్డు గీకే కుర్రాడి దగ్గరా ఒకే మొత్తం తీసుకోవడం న్యాయం కాదని, వాడినదాన్ని బట్టే చార్జీ వేయాలని రిజర్వ్ బ్యాంకు 2013 నవంబర్ 26న బ్యాంకులకు చెప్పింది. అలా వచ్చిందే మెసేజ్‌కి ఇన్ని పైసలు అనే పద్ధతి.

వినడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ 2013లో యూపీఐ లేదు. అది 2016లో వచ్చింది. టీకి పది, ఆటోకి ముప్పై, కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేసే రోజుల్లో వాడకాన్ని బట్టి చార్జీ అంటే ఎవరికి లాభమో మీరే లెక్క చూడండి. మెసేజ్‌కి 20 పైసలనుకుంటే పన్నుతో 23.6 పైసలు. మూడు నెలల్లో 75 మెసేజ్‌లు దాటాయంటే పాత టోకు చార్జీయే చవక. 15 పైసలైతే ఆ గీత 100 మెసేజ్‌ల దగ్గర పడుతుంది. రోజుకు పది చెల్లింపులు చేసే మనిషికి మూడు నెలల్లో 900 మెసేజ్‌లు, అంటే 212 రూపాయల చిల్లర. కొన్ని బ్యాంకులు ఇంతకు మించి తీసుకోమని ఒక పరిమితి పెట్టుకున్నాయి కాబట్టి అందరికీ అంత పడదు. ఓటీపీలకు, బ్యాంకు తనంతట తాను పంపే ప్రకటనలకు సాధారణంగా చార్జీ ఉండదు. స్టేట్ బ్యాంక్ అయితే 2020 ఆగస్టులో సేవింగ్స్ ఖాతాలన్నిటికీ మెసేజ్ చార్జీ ఎత్తేసింది. మీది ఏ పద్ధతో బ్యాంకు వెబ్‌సైట్‌లో చార్జీల పట్టిక తెరిచి చూసుకోవాల్సిందే. బ్రాంచిలో అడిగితే అదే పట్టిక మీద వేలు పెట్టి చూపిస్తారు.

కాబట్టి డబ్బు పరంగా టోకు మేలా, మెసేజ్ లెక్క మేలా అంటే నెలకు పాతిక మెసేజ్‌లలోపు వచ్చేవాళ్లకు మెసేజ్ లెక్క, అంతకు మించితే టోకు. అయితే ఈ రెండిట్లో ఏది కావాలో ఎంచుకునే వీలు మనకు ఉండదు, బ్యాంకు ఏది పెడితే అదే. మనం ఎంచుకోగలిగింది వేరే ఉంది: ఏ దారిలో వచ్చే కబురును నమ్ముకోవాలి అన్నది. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సిందీ అదే. అక్కడ డెబ్బై రూపాయలు లెక్కలోకి రావు.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే నష్టం ఎవరు భరించాలో అందులో ఉంది. తప్పు బ్యాంకుదైతే మొత్తం బ్యాంకే ఇవ్వాలి. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందనుకోండి. అప్పుడు బ్యాంకు నుంచి కబురు అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మనకు పైసా నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చేస్తే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 రూపాయల దాకా, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతాకు 5,000 దాకా మన నెత్తిన పడుతుంది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఏం రాసుకుంటే అది.

ఇందులో ‘కబురు అందాక’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. గడియారం మొదలయ్యేది మనం చూసినప్పుడు కాదు, బ్యాంకు కబురు మనకు చేరినప్పుడు. ఉదాహరణకు గురువారం 25,000 పోయింది, కబురు అదేరోజు వచ్చింది. వచ్చిన రోజు లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటి. రెండో శనివారం, ఆదివారం సెలవు. సోమవారం రెండు, మంగళవారం మూడు. మంగళవారం లోపు చెబితే 25,000 తిరిగొస్తుంది. బుధవారం చెబితే 15,000 మాత్రమే రావచ్చు. ఆ కబురు మెసేజ్‌గా వచ్చి ఉంటే గురువారం సాయంత్రమే చూసేవాళ్లం. ఈమెయిల్‌గా వచ్చి, ఆఫర్ల మెయిళ్ల కింద పడి ఉంటే? అది చేరినట్టే లెక్క. మనం తెరవలేదన్నది మన సమస్య.

ఓటీపీ మనమే చెప్పేసిన కేసుల్లో ఈ మూడు రోజుల రక్షణ కూడా లేదు. ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మనదే, చేశాక పోయేది బ్యాంకుది. అక్కడ రోజులు కాదు, నిమిషాలు ముఖ్యం. మొదటి మెసేజ్ చూడగానే కార్డు బ్లాక్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినవాళ్లకు మిగతా డబ్బు మిగిలే అవకాశం ఉంటుంది. సాయంత్రం తీరిగ్గా మెయిల్ చూసుకునేవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

మరి యాప్ నోటిఫికేషన్? ఉచితం, వెంటనే వస్తుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి తమ ద్వారా జరిగిన చెల్లింపుల గురించే చెబుతాయి. ఏటీఎంలో తీసిన డబ్బు, చెక్కు, ఈఎంఐ ఆటో డెబిట్, బ్యాంకు వేసుకున్న చార్జీలు వాటికి తెలియవు. ఏటా మే నెలాఖరులో చాలా ఖాతాల్లోంచి 436 రూపాయలు, 20 రూపాయలు వెళ్తుంటాయి. మొదటిది జీవన జ్యోతి బీమా, రెండోది సురక్ష బీమా. ఎప్పుడో బ్రాంచిలో సంతకం పెట్టిన సంగతి ఎవరికీ గుర్తుండదు, మెసేజ్ వచ్చాకే గుర్తొస్తుంది. బ్యాంకు సొంత యాప్‌కి ఇవన్నీ తెలుసు గానీ దానికి నెట్ ఉండాలి, లాగిన్ అయి ఉండాలి, ఫోన్ బ్యాటరీ ఆదా చేస్తానంటూ దాన్ని నిద్రపుచ్చకూడదు. ఫోన్ మార్చారంటే మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోవాలి. పైగా 2017 సర్క్యులర్ మాట్లాడేది ఎస్ఎంఎస్, ఈమెయిల్ గురించే. ఎలక్ట్రానిక్ లావాదేవీలకు ఎస్ఎంఎస్ తప్పనిసరి, ఈమెయిల్ నమోదు చేసుకుంటే అదీ పంపవచ్చు అంటుంది. యాప్ నోటిఫికేషన్‌ని అదనపు సౌకర్యంగా ఉంచుకోండి, మెసేజ్‌కి బదులు మాత్రం అనుకోకండి.

ఈమెయిల్‌ని పూర్తిగా తీసిపారేయను. డబ్బు పడదు, వివరం ఎక్కువుంటుంది, రెండేళ్ల తర్వాత ఇన్‌కమ్‌టాక్స్ కోసం వెతికినా దొరుకుతుంది. రికార్డుకు అదే మంచిది. కాకపోతే మేలుకొలపడానికి పనికిరాదు.

వాట్సాప్ బ్యాంకింగ్‌లో మనం అడిగితే బ్యాలెన్స్ చెబుతుంది, మినీ స్టేట్‌మెంట్ ఇస్తుంది. అడగాలన్న ఆలోచన రావాలంటే ముందు డబ్బు పోయిందని తెలియాలి కదా! మిస్డ్ కాల్ బ్యాలెన్స్ కూడా అంతే. పాస్‌బుక్ ఎంట్రీ సంగతి చెప్పక్కర్లేదు, ప్రింటర్ పనిచేస్తున్న రోజు చూసుకుని వెళ్లాలి.

కాబట్టి నా ఓటు మెసేజ్‌కే. ఆ చార్జీ మీద మంట ఉంటే మెసేజ్‌లు ఆపకుండా వాటి సంఖ్య తగ్గించుకునే దారి చూడండి. అందుకు బాగా పనికొచ్చేది యూపీఐ లైట్. బ్యాంకు ఖాతాలోంచి కొంత డబ్బు లైట్‌లోకి వేసుకుంటే చిన్న చెల్లింపులు పిన్ లేకుండా అందులోంచి వెళ్తాయి. 2024 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు పరిమితి పెంచాక ఒక్కో చెల్లింపు 1,000 రూపాయల దాకా, లైట్‌లో ఒకసారికి 5,000 దాకా ఉంచుకోవచ్చు. స్టేట్‌మెంట్‌లో కనిపించేది లైట్‌లోకి డబ్బు వేసిన ఒక్క లైనే. యాభై టీలకు యాభై లైన్లు ఉండవు. ఫోన్ పోతే ఆ లైట్‌లో ఉన్న డబ్బుకు పిన్ కాపలా లేదన్నది గుర్తుంచుకుని, రెండు వేలకు మించి వేయకుండా ఉంటే చాలు.

ఇంకో దారి, రోజువారీ యూపీఐకి వేరే ఖాతా పెట్టుకోవడం. మెసేజ్ చార్జీ లేని బ్యాంకులో ఒక ఖాతా తెరిచి, నెలకు సరిపడా డబ్బు అందులోకి మార్చుకుని, క్యూఆర్ స్కాన్లన్నీ దానితోనే చేయడం. జీతం, డిపాజిట్లు ఉన్న అసలు ఖాతాలో అప్పుడు నెలకు పదో పదిహేనో మెసేజ్‌లే వస్తాయి, వచ్చిన ప్రతిదీ కంటపడుతుంది. చార్జీ తగ్గడం కంటే నాకు నచ్చేది ఇదే. రోజుకు పది మెసేజ్‌లు వచ్చే ఫోన్‌లో పదకొండోది దొంగదైనా ఎవరూ చూడరు. చిల్లర మెసేజ్‌ల గొడవ బ్యాంకులకూ తెలిసినట్టుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుంచి 100 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు, 500 లోపు జమలకు ఎస్ఎంఎస్ మానేసింది, ఈమెయిల్ మాత్రం ఉంచింది. దీనిమీద అప్పట్లో విమర్శలు వచ్చాయి గానీ, నాకైతే సబబుగానే తోచింది.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల విషయానికొస్తే చర్చే అక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్‌కి వచ్చేది మెసేజ్ ఒక్కటే. పింఛను పడిందో లేదో, పీఎం కిసాన్ 2,000 వచ్చిందో లేదో వాళ్లకు దాంతోనే తెలుస్తుంది. చాలామంది పిల్లలు ఇక్కడ ఒక పని చేస్తారు. నాన్న ఖాతాకి తమ నంబర్ ఇచ్చేస్తారు. అలా చేస్తే నాన్నకి ఏ కబురూ వెళ్లదు, ఓటీపీ అవసరమైన ప్రతిసారీ మీరు ఫోన్ ఎత్తాలి. దానికంటే మెసేజ్‌కి నాన్న నంబరే ఉంచి, ఆ ఖాతాకి ఈమెయిల్ మాత్రం మీది ఇవ్వండి. కబురు ఇద్దరికీ వెళ్తుంది. స్టేట్‌మెంట్ కూడా మీ మెయిల్‌కే వస్తుంది కాబట్టి ముందు ఆయన్ని అడిగి చేయండి. తన లెక్కలు కొడుకు చూడటం ఇష్టపడని తండ్రులు చాలామందే ఉన్నారు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ ఖాతాలు నడిపేవాళ్లకు మాత్రం నా లెక్క తిరగబడుతుంది. అక్కడ ఇండియా సిమ్‌ని బతికించుకోవడానికి చేసే రీచార్జ్ ముందు మెసేజ్ చార్జీ ఎంత? రీచార్జ్ మరిచిపోతే నంబర్ పోతుంది, కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి వెళ్తుంది, మీ ఖాతా మెసేజ్‌లు ఆ కొత్త మనిషి చదువుకుంటాడు. బ్యాంకు ఒప్పుకుంటే విదేశీ నంబరే నమోదు చేసుకోండి. ఈమెయిల్‌ని మొదటి దారిగా పెట్టుకుని, బ్యాంకు మెయిల్‌కి ఫోన్‌లో విడిగా శబ్దం పెట్టుకోండి. అమెరికాలో అయితే టైమ్ తేడా వల్ల ఇక్కడి పగటి మెసేజ్ మీకు అర్ధరాత్రి మోగుతుంది, పొద్దున లేవగానే చూసే అలవాటుంటే మూడు పనిదినాలు హాయిగా సరిపోతాయి.

మెసేజ్ ఉంచుకోవాలనుకున్నవాళ్లకు ఒక చిన్న గుర్తు. 2025 నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపే పేరు చివర ఒక అక్షరం ఉంటోంది. లావాదేవీకి టి, సర్వీసుకు ఎస్, ప్రకటనకు పి, ప్రభుత్వానికి జి. పది అంకెల మామూలు నంబర్ నుంచి ‘మీ ఖాతాలో డబ్బు కట్ అయింది, ఈ లింక్ నొక్కండి’ అని వస్తే అది బ్యాంకుది కాదు. నిజంగా డబ్బు పోయినట్టు అనిపిస్తే మెసేజ్‌లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా, కార్డు వెనక ముద్రించిన నంబర్‌కి ఫోన్ చేయండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరూ, టైమూ రాసుకోండి. పదో పనిదినం లోపు ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో వేయాలని అదే 2017 సర్క్యులర్‌లో ఉంది. అడిగేటప్పుడు ఆ నంబరూ, టైమూ రాసుకున్న కాగితం చేతిలో ఉండాలి.