టోనూయినో: మనవరాలి కోసం ఇంట్లో కట్టిన పాటల డబ్బా

చంటిపిల్లల చేతికి ఫోన్ ఇవ్వకుండా పాటలు, కథలు వినిపించే డబ్బాల్లో బాగా పేరున్నది టోనీబాక్స్. 2016లో జర్మనీలో వచ్చింది. బొమ్మని డబ్బా మీద నిలబెడితే పాట మొదలవుతుంది, తీస్తే ఆగుతుంది. ఆలోచన భలేగా ఉంది. కానీ బొమ్మ బొమ్మకీ విడిగా డబ్బులు పెట్టాలి. మన గొంతు రికార్డు చేసుకునే బొమ్మ కూడా వాళ్లు అమ్ముతారు గానీ, అందులో పట్టేది తొంభై నిమిషాలు. మా ఆవిడ ఏడు చేపల కథ ఎత్తుకుందంటే మధ్యలో గడ్డివాము దగ్గరే పావుగంట ఆగుతుంది, ఆ తొంభై నిమిషాలు ఏ మూలకి సరిపోతాయి?

అందుకే అదే జర్మనీలో పుట్టిన టోనూయినో అనే ఉచిత డిజైన్ పట్టుకుని, మా మూడేళ్ల మనవరాలి కోసం ఇంట్లోనే కట్టాను. టెలిఫోన్ శాఖలో రిటైరైనవాణ్ణి కాబట్టి సోల్డరింగ్ ఐరన్ నాకు కొత్త కాదు. కొత్తైతే మాత్రం పక్కన తెలిసినవాళ్లని పెట్టుకోండి. బొమ్మ అడుగున దాచే గుర్తు చిప్పుని (దాన్నే ట్యాగ్ అంటారు) చదివే రీడర్‌కి పిన్నులు విడిగా చేతికిస్తారు. చాలామంది వాటిని సోల్డర్ చేయకుండా ఊరికే గుచ్చి, పనిచేయడం లేదని తల పట్టుకుంటారు.

సామాను పెద్దగా ఏమీ లేదు. ఆర్డుయినో నానో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, ఆర్‌సీ522 అనే ట్యాగ్ రీడర్, డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే ఎంపీ3 బోర్డు, చిన్న స్పీకరు, మూడు బటన్లు, ఒక మెమరీ కార్డు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ దొరికాయి. వెయ్యికి అటూ ఇటూ అయింది. రీడర్‌కి 3.3 వోల్టులే ఇవ్వాలి, ఐదు వోల్టుల పిన్నుకి తగిలించకండి.

ముందు మెచ్చుకోవాల్సింది ఆ రీడర్‌నే. పలచటి ప్లైవుడ్ చెక్క అడ్డమున్నా ట్యాగ్‌ని ఠక్కున పట్టేస్తుంది. ట్యాగ్‌లో పాట ఏమీ ఉండదు, ఫలానా ఫోల్డరు ఫలానా పద్ధతిలో వాయించు అన్న గుర్తు మాత్రమే ఉంటుంది. పాటలన్నీ మెమరీ కార్డులోనే. కాబట్టి ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, కరెంటు పోయినా దిగుల్లేదు. రీడర్‌తో పాటు ఒక తెల్ల కార్డు, ఒక నీలం కీచైన్ ఇస్తారు. అవి పరీక్ష చేసుకోవడానికి చాలు. పిల్లకి ఇవ్వడానికి నేను లోపల ట్యాగ్ ఉండే, రూపాయి బిళ్లంత ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్లు కొన్నాను.

ఆ స్టిక్కర్లు దేనికి అంటించాలన్న దగ్గరే ఈ పనిలో అసలు సరదా. ఇనుము, స్టీలు పనికిరావు, లోహం తగిలితే ట్యాగ్ మూగబోతుంది. బిస్కెట్ల రేకు డబ్బాలో అమర్చుదామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవచ్చు. నేను ఏటికొప్పాక బొమ్మలు తీసుకున్నాను. అంకుడు కర్ర, లక్క పూత, సహజ రంగులు. మూడేళ్ల పిల్ల నోట్లో పెట్టుకున్నా మరీ కంగారు పడక్కర్లేదు. అడుగు చదునుగా ఉన్నవి ఏరుకుని, అడుగున కాస్త గుంట తొలిచి, స్టిక్కరు అందులో పెట్టి, పైన పలచటి చెక్క ముక్క అతికించాను. ఊరికే పైపైన అంటిస్తే గోటితో పీకి మింగేస్తారు, ఆ పని మాత్రం చేయకండి. ఇప్పుడు ఏనుగు పెడితే ఏనుగు పాటలు, బొంగరం పెడితే గోల గోలగా ఏదో ఒక పాట, అమ్మమ్మ బొమ్మ పెడితే మా ఆవిడ గొంతు. అసలైన అమ్మమ్మకి ఆ బొమ్మ పోలికలు నచ్చలేదు, అది వేరే సంగతి.

బొమ్మ తీసేసినా పాట ఆగదు, టోనీబాక్స్‌కీ దీనికీ అదే తేడా. మొదట లోపమనుకునేవాళ్లు ఉంటారేమో, నాకైతే ఇదే నచ్చింది. పాట నడుస్తుండగానే పిల్ల ఏనుగుని పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఒక్కో ట్యాగ్‌కి ఒక్కో పద్ధతి పెట్టుకోవచ్చు. వరసగా వాయించడం, కలగాపులగంగా వాయించడం, ఫోల్డర్లోంచి ఏదో ఒక్క కథ చెప్పడం, ఆగినచోటు గుర్తుపెట్టుకోవడం. పొడుగు కథలకి చివరిది బ్రహ్మాండం.

ఇక సణుగుడు. డీఎఫ్‌ప్లేయర్ పేరుతో అమ్మే బోర్డులన్నీ ఒకటి కావు. పైన పేరు అదే, లోపల చిప్పు వేరు. నాకు దొరికిన ఒకటి పాట మొదలయ్యేముందు టప్‌మని కొట్టేది, మధ్యలో బుస్సుమనేది. నానో నుంచి ఈ బోర్డుకి ఆదేశాలు తెచ్చే ఆర్‌ఎక్స్ తీగ మీద ఒక కిలో ఓమ్ రెసిస్టరు పెడితే బుస చాలావరకు తగ్గుతుంది, టప్ మాత్రం పోదు. రెండు బోర్డులు కొని, మంచిది ఉంచుకోవడం మేలు. మెమరీ కార్డు 32 జీబీ దాటకూడదు, ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లోనే ఉండాలి. ఫోల్డర్లకి 01, 02 అని, పాటలకి 001, 002 అని పేర్లు పెట్టాలి. తేడా వస్తే పలకదు. మా అబ్బాయి మ్యాక్‌లో కాపీ చేసినప్పుడు కంటికి కనపడని ఫైళ్లు కూడా ఎక్కి, లెక్క తప్పింది.

కొత్త ట్యాగ్ పెట్టగానే డబ్బా తనే మాట్లాడుతూ ఫోల్డరు ఏది, పద్ధతి ఏది అని అడుగుతుంది. వచ్చేది జర్మన్లో. ఆ మాటలు కూడా ఎంపీ3 ఫైళ్లే కాబట్టి నేను తెలుగులో చెప్పి మార్చేశాను. అంకెలు 255 దాకా చదవాలి. నేను ముప్పైతో ఆపాను, అంతకుమించి ఫోల్డర్లు మా ఇంట్లో ఎలాగూ లేవు.

కరెంటు విషయంలో జాగ్రత్త. మామూలు పవర్ బ్యాంకు పెడితే, పాట ఆగి ఉన్నప్పుడు ఇది తాగేది మరీ తక్కువ కాబట్టి ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు ఆగిపోతుంది. తక్కువ కరెంటుకీ ఆగని మోడల్ అడిగి కొనండి. విడి లిథియం సెల్లు పిల్లల డబ్బాలో పెట్టడం నాకిష్టం లేదు. గరిష్ఠ వాల్యూమ్ సెట్టింగు ఉంది, ముందు అది తగ్గించండి. ముప్పైలో పద్నాలుగు దగ్గర ఆపాను, మా హాలుకి అది ఎక్కువే.

ధ్వని సంగతి ఉన్నమాట చెప్పాలంటే బజారు డబ్బాలే నయం. సంగీతం కోసమైతే మంచి బ్లూటూత్ స్పీకరు కొనుక్కోండి. మాట కోసం, కథ కోసమైతే ఇది చాలు. అయిదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ డీఎఫ్‌ప్లేయర్ ఖాతాలోదే. మెమరీ కార్డుకి ఇంకో నకలు తీసి బీరువాలో పెట్టుకోండి. పిల్లలు ఆ చిన్న అర దగ్గరికి వేలు పెట్టడం తొందరగానే నేర్చుకుంటారు.