పెద్దాసుపత్రి దగ్గర ఇడ్లీ బండి
గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర సందులో ఉన్న ఈ బండి మీద ఇడ్లీ మెత్తగా, పొగలు కక్కుతూ ఉంటుంది, కారప్పొడి మీద నెయ్యి అడక్కుండానే వేస్తారు, సాంబారు మాత్రం నీళ్లే, ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. అయినా నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ఇంకో సంగతికి. రోజూ రెండు వాయిలు ఎవరికీ అమ్మరు. రోగుల వెంట వచ్చినవాళ్లు డబ్బుల్లేక దూరంగా నిలబడితే, బండి నడిపే ఆంటీ ఏదో చిల్లర తిరిగిస్తున్నట్టు పొట్లం చేతిలో పెట్టేస్తుంది. ఎందుకని అడిగా. "బైబిల్లో పేద విధవరాలు రూతు ఏరుకుంది పరిగే కదయ్యా, కోతలో రాలిన వెన్నులే, అదే బైబిల్లో లేవీయకాండం 19లో పేదల కోసం పొలం అంచుల దాకా కోయొద్దన్నాడు దేవుడు, నాకు పొలం లేదు, ఇడ్లీ పాత్ర ఉంది" అంది. అంతే, ప్రసంగం లేదు, కరపత్రం లేదు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్తారు, బండి ఉండదు, తెలియక రెండుసార్లు ఉత్తినే వెళ్లొచ్చా.