పాత కెర్నల్‌నే ఉంచుకోవడమా, డ్రైవర్ కోడ్ సరిచేయడమా?

గుంటూరు మిర్చి యార్డు సీజన్‌లో కాటా దగ్గర కంప్యూటర్ ఆగితే వెనక లారీలు బారులు తీరతాయి. ఉబుంటు (ఒక లినక్స్ సిస్టమ్) అప్‌డేట్‌తో కెర్నల్, అంటే సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్, మారి, ఆ కంప్యూటర్‌లోని కార్డును నడిపే డ్రైవర్ కొత్త కెర్నల్‌కు బిల్డ్ కాకపోతే రెండు దారులున్నాయి.

పాత కెర్నల్‌తో బూట్ చేసి, ఆప్ట్-మార్క్ హోల్డ్ (కెర్నల్ అప్‌డేట్ కాకుండా ఆపే కమాండ్) పెట్టేయడం తేలిక. ఆ పూటకి టెన్షన్ తీరుతుంది. కానీ కెర్నల్ భద్రతా సవరణలూ ఆగిపోతాయి, నెట్‌కు కలిపిన మెషిన్‌కు అది ప్రమాదం.

కోడ్ సరిచేయడం చాలామంది భయపడేంత పెద్ద పని కాదు. 2023లో వచ్చిన 6.4 కెర్నల్ నుంచి క్లాస్_క్రియేట్ అనే ఫంక్షన్ ఒక్క ఆర్గ్యుమెంటే తీసుకుంటుంది; ముందున్న థిస్_మాడ్యూల్ ఆర్గ్యుమెంట్ తీసేస్తే చాలు. 6.12లో అన్‌అలైన్డ్ అనే హెడర్ ఫైల్ ఏఎస్ఎం ఫోల్డర్ నుంచి లినక్స్ ఫోల్డర్‌లోకి మారింది, ఇంక్లూడ్ లైన్ మార్చాలి. పాత కెర్నల్ మీదా నడవాలంటే వెర్షన్ నంబర్ చూసే షరతు రాయండి. (రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ కొత్త మార్పులను పాత నంబర్ కెర్నల్‌లోకే తెస్తుంటుంది, అక్కడ ఈ షరతు తప్పొచ్చు.) కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్ మారదని లినక్స్ వాళ్లు ఎప్పుడూ మాటివ్వలేదు, కాబట్టి ఈ పని మళ్లీ వస్తుంది.

నేనైతే సీజన్‌లో హోల్డ్ పెట్టి, వేరే మెషిన్ మీద కోడ్ సరిచేసి డీకేఎంఎస్ అనే టూల్‌కు అప్పగిస్తాను. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అదే బిల్డ్ చేస్తుంది. తేడా ఉంటే ఎర్రర్ ఆ వేరే మెషిన్ మీదే కనిపిస్తుంది, కాటా దగ్గర కాదు.