ట్రెజర్ ప్లానెట్: ఓడ మీద పనిచేసేవాడిగా ఏళ్ల తరబడి చూశాక

ట్రెజర్ ప్లానెట్ పేరెత్తితే "అదేదో ఆడని డిస్నీ సినిమా కదా" అనేస్తారు చాలామంది. ఆడలేదన్నది నిజమే. 2002 నవంబరు చివర్లో అమెరికాలో విడుదల చేశారు, దాదాపు 14 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చింది 11 కోట్ల దగ్గర ఆగిపోయింది, పైగా అప్పటికే థియేటర్లలో హ్యారీ పాటర్ రెండో సినిమా నడుస్తోంది. ఆ లెక్కలతోనే దీన్ని పక్కన పడేశారు. నాకు మాత్రం తండ్రికి దూరమైన పిల్లాడి గురించి, వాడికి ఎదురైన ఒక చెడ్డమనిషి గురించి ఇంత నిజాయితీగా తీసిన యానిమేషన్ సినిమా ఇంకొకటి కనిపించలేదు. డీవీడీ కొన్నప్పటి నుంచీ ఇంట్లో, ఓడ మీద, ఒక్కడినే, పిల్లాడితో, ఎన్నో రకాలుగా చూశాను కాబట్టి ఇది ఒక్కసారి చూసి రాస్తున్న మాట కాదు.

నా గురించి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా నాకు ఇంత దగ్గర కావడానికి కారణం అదే. నేను మర్చంట్ నేవీలో ఇంజనీర్‌ని. సొంతూరు నెల్లూరు, ఇల్లు చెన్నైలో వేళచ్చేరి. ఏడాదిలో సగానికి పైగా ఓడ మీదే, మిగతాది ఇంట్లో. మా ఇంట్లో కేలండర్ అంటే నేను సైన్ ఆన్ అయ్యే రోజు, అంటే ఓడెక్కే రోజు, సైన్ ఆఫ్ అయ్యే రోజు, అంటే దిగి ఇంటికొచ్చే రోజు, ఆ మధ్యలో వాట్సాప్ కాల్స్. అలాంటి ఇంట్లో ఈ సినిమా పెడితే ఏమవుతుందో చూసినవాళ్లకి అర్థమయ్యే ఉంటుంది.

కథ మీకు తెలిసిందే అయి ఉండొచ్చు. స్టీవెన్సన్ 1883లో పుస్తకంగా వేసిన ట్రెజర్ ఐలాండ్, మనకి నండూరి రామమోహనరావు గారి పుణ్యమా అని 'కాంచన ద్వీపం'గా తెలిసిన నవల. దాన్ని తీసుకెళ్లి అంతరిక్షంలో పెట్టారు. జిమ్ హాకిన్స్ అనే పదిహేనేళ్ల కుర్రాడు, తల్లి నడిపే సత్రం, చనిపోతూ ఒక ముసలి ఓడవాడు చేతిలో పెట్టిన మ్యాపు, ఫ్లింట్ అనే దొంగ దాచిన నిధి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరిన ఓడ. ఆ ఓడలో వంటవాడు జాన్ సిల్వర్, నిజానికి నిధి కాజేయడానికి ఎక్కిన దొంగల నాయకుడు. ఓడ పేరు ఆర్‌ఎల్‌ఎస్ లెగసీ, అంటే రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్ పేరులోని పొడి అక్షరాలే. ఆ గౌరవం నాకు చాలా నచ్చింది.

దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. లిటిల్ మెర్మెయిడ్, అల్లాదీన్ తీసినవాళ్లే, తర్వాత 2016లో మోవానా తీసిందీ వీళ్లే. ఈ ఆలోచన క్లెమెంట్స్ 1985లోనే స్టూడియోకి చెప్పాడు. అంటే తెర మీదికి రావడానికి పదిహేడేళ్లు పట్టింది. మధ్యలో అన్ని హిట్లు ఇచ్చి కూడా పాత కోరికని వదలకుండా పట్టుకుని కూర్చున్నారు, ఆ ఇష్టం ప్రతి ఫ్రేములో కనిపిస్తుంది.

"అంతరిక్షంలో చెక్క ఓడేంటి, తెరచాపలేంటి, ఊపిరి ఎలా ఆడుతుంది" అని అడిగేవాళ్లున్నారు. మా తమ్ముడు కూడా అడిగాడు. సినిమా దీనికి మొదట్లోనే తన జవాబు తాను చెప్పేసుకుంటుంది: అక్కడ శూన్యం లేదు, గాలి ఉన్న ఒక సముద్రం లాంటి ఆకాశం ఉంది, తెరచాపలు నక్షత్రాల వెలుగుని పట్టి ఓడకి శక్తినిస్తాయి. చిత్ర బృందం 70-30 అని ఒక సూత్రం పెట్టుకుంది, ఏం గీసినా 70 శాతం పాతకాలం, 30 శాతం భవిష్యత్తు. ఓడలే కాదు, బట్టలు, గిన్నెలు, పుస్తకాలు అన్నిటికీ అదే కొలత. 1911లో ఎన్.సి. వైయత్ ఈ నవలకి బొమ్మలు వేశాడు, ఆ గోధుమ, బంగారు రంగుల వెచ్చదనాన్నే తెర మీదికి తెచ్చుకున్నారు. అందుకే ఈ అంతరిక్షం చల్లగా, స్టీలు రంగులో ఉండదు. రాత్రి వాచ్ డ్యూటీ అయ్యాక డెక్ మీదికి వెళ్లి నిలబడిన ఎవరికైనా ఆ ఆకాశం తెలిసిన ఆకాశంలాగే ఉంటుంది.

ఇక సిల్వర్. వీడి గురించి ఎంత రాసినా తక్కువే. సగం మనిషి, సగం యంత్రం. శరీరమంతా డిస్నీ యానిమేటర్ గ్లెన్ కీన్ చేత్తో గీసిన బొమ్మ, కుడి చెయ్యి, కాలు, కన్ను మాత్రం కంప్యూటర్‌లో చేసినవి. ఈ రెండూ అతుకుతాయా లేదా అని ముందు పీటర్ పాన్ సినిమాలోని కెప్టెన్ హుక్ ముక్క ఒకటి తీసుకుని, ఆ చేతికి యంత్రం తగిలించి పరీక్ష చేసుకున్నారు. ఈ సంగతి తెలిశాక నేను కావాలని ఆ అతుకు కోసం వెతికాను, పాజ్ చేసి కూడా చూశాను. ఎక్కడా కనపడదు. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, అతను మొదటిసారి కనిపించే సీన్ చూడండి, ఆ చెయ్యి ఒక్కో పనికి ఒక్కో పరికరంగా మారిపోతుంది, తరుగుతుంది, గుడ్లు కొడుతుంది, పొయ్యి అంటిస్తుంది, ఇంత చేస్తూ కూడా నోటితో కబుర్లు చెబుతూ కొత్తగా వచ్చిన కుర్రాడిని ఓరకంట అంచనా వేస్తూ ఉంటాడు. మా ఓడల్లో వంటవాణ్ణి బండారీ అంటారు. మంచి బండారీకి ఓడలో అందరి సంగతీ తెలుసు, ఎవరికి ఇంటి నుంచి ఫోన్ రాలేదో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ముందు తెలిసేది వాడికే. సిల్వర్‌ని వంటవాడిగా పెట్టడం స్టీవెన్సన్ తెలివే అనుకోండి, కానీ ఆ చనువునీ ఆ చూపునీ ఇంత బాగా పట్టుకున్నది మాత్రం ఈ సినిమానే.

జిమ్‌ని సిల్వర్ కింద పనికి వేస్తారు. డెక్ తుడవడం, గిన్నెలు తోమడం. మా దగ్గర పని నేర్చుకునే కేడెట్ కొత్తగా ఎక్కినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే, ముందు చీపురే ఇస్తారు. ఇక్కడ ఒక పాట వస్తుంది, గూ గూ డాల్స్ బ్యాండ్‌లో పాడే జాన్ రెజ్నిక్ రాసి పాడింది. ఆ పాట నిడివిలో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒక పక్క చిన్న జిమ్ చేత్తో చేసిన బొమ్మ ఓడ పట్టుకుని తండ్రికి చూపించబోతే ఆయన పట్టించుకోకుండా దాటిపోతాడు. ఇంకో పక్క పెద్ద జిమ్‌కి సిల్వర్ ముడి వేయడం నేర్పుతున్నాడు. జిమ్ గుట్టలా పేర్చిన గిన్నెలన్నీ తోమేసి అలసిపోయి అక్కడే నిద్రపోతే సిల్వర్ వచ్చి, మెరుస్తున్న గిన్నెల వంక చూసి, తన కోటు తీసి వాడి మీద కప్పుతాడు. అంతే. ఒక్క మాట ఉండదు. తండ్రి ఓడ రేవు వదిలి వెళ్లిపోతుంటే పిల్లాడు వెనకాల పరుగెత్తే షాట్ కూడా ఈ పాటలోనే ఉంది. తర్వాత సిల్వర్ చిన్న పడవలోకి పిలిచి, పగ్గాలు వాడి చేతికే ఇచ్చేస్తాడు.

ఆ రేవు షాట్ మా ఇంట్లో ఎప్పుడూ మామూలుగా గడవదు. మావాడు చిన్నప్పుడు అక్కడికి రాగానే నా చొక్కా పట్టుకునేవాడు, "నాన్నా, నువ్వు మళ్లీ వస్తావు కదా, వాళ్ల నాన్నలా కాదు కదా" అని అడిగేవాడు. వస్తాను కన్నా అని చెప్పి, సైన్ ఆఫ్ తేదీ చూపించేవాణ్ణి. ఇప్పుడు మీసాలొస్తున్న వయసు, ఆ ప్రశ్న అడగడు. మొన్న సెలవుల్లో చూసినప్పుడు మాత్రం వేరే మాట అన్నాడు. "సిల్వర్‌కి జిమ్ మీద ఇష్టం నటన కాదు నాన్నా, కానీ మోసం కూడా నిజమే, రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి?" నేను చేతనైనంత చెప్పాను, మాట్లాడుతూ మాట్లాడుతూ రాత్రి ఒంటి గంట అయింది. ఒక పిల్లల సినిమా పదమూడేళ్లవాడి చేత ఈ ప్రశ్న అడిగించిందంటే ఇంకేం కావాలి?

మా ఆవిడకి జిమ్ తల్లి శారా అంటే పంచప్రాణాలు. "మీరంతా ఆ వంటవాడి గురించే మాట్లాడతారు, ఆ అమ్మాయిని చూడండి, మొగుడు వదిలేసి పోయాడని ఏడ్చిందీ తనే, మర్నాడు సత్రం తెరిచి అందరికీ ప్లేట్లు మోసిందీ తనే, కొడుకుని పోలీసులు పట్టుకొస్తే సర్దిచెప్పిందీ తనే" అంటుంది. నిజమే. ఆ పాత్రకి ఇంకో రెండు సీన్లు ఉండాల్సింది. నేను ఓడ మీద ఉన్నప్పుడు స్కూల్ మీటింగులు, కరెంటు బిల్లులు, వరదొచ్చినప్పుడు మోకాలి లోతు నీళ్లలో సామాన్లు పైకెక్కించడం అన్నీ చూసుకున్న మనిషి ఆ మాట అంటుంటే కాదనడానికేముంది!

ఓడవాడిగా నన్ను కట్టిపడేసేది లైఫ్‌లైన్ల ఘట్టం, అంటే మనిషి ఓడ మీంచి పడిపోకుండా కట్టే తాళ్లు. నక్షత్రం ఒకటి పేలి బ్లాక్ హోల్‌గా మారుతుంది, ఓడని లాగేస్తుంది, కెప్టెన్ అమీలియా అందరి లైఫ్‌లైన్లు బిగించే పని జిమ్‌కి అప్పజెబుతుంది. వాడు ఒక్కొక్కటీ కట్టి సరిచూస్తాడు. గొడవలో స్క్రూప్ అనే సాలెపురుగు లాంటి దుర్మార్గుడు, కెప్టెన్ తర్వాతి అధికారి అయిన మిస్టర్ ఆరో కట్టుకున్న తాడు తెంపేస్తాడు, ఆయన పోతాడు, నింద జిమ్ మీద పడుతుంది. పైన ఎత్తులో పని చేయాలంటే మాకు పర్మిట్ రాయాలి, ఒంటికి కట్టుకునే హార్నెస్ పట్టీలు ఇద్దరు సరిచూడాలి, అయినా ఏదైనా జరిగితే ఆఖరున తాడు ముట్టుకున్నవాడికి జన్మంతా నిద్ర పట్టదు. ఆ బరువు ఏంటో సినిమా తీసినవాళ్లకి తెలుసు. అందరూ సంతోషంలో ఉండగా ఆరో టోపీ తెచ్చి కెప్టెన్ చేతిలో పెట్టే క్షణం, ఆవిడ మొహంలో వచ్చే మార్పు, తర్వాత జిమ్ ఒంటరిగా వెళ్లి కూర్చోవడం, సిల్వర్ వచ్చి నీలో గొప్పవాడయ్యే సరుకు ఉంది అని చెప్పడం, వాడు ఆ పెద్ద కడుపు మీద తల ఆనించి ఏడవడం. తాడు తెంపింది సిల్వర్ మనిషే. ఆ సంగతి పిల్లాడికి చెప్పకుండా ఓదారుస్తున్నాడు. ఆ ఓదార్పు నిజం కూడా. మావాడి ప్రశ్న ఇక్కడి నుంచి పుట్టిందే అనుకుంటాను.

ఆ బ్లాక్ హోల్ నుంచి ఓడ బయటపడే తీరు కూడా నాకు ఇష్టం. పారిపోవడానికి వీల్లేనప్పుడు కెప్టెన్ చివరి పెద్ద అల మీదే ఎక్కి దాని ఊపుతోనే బయటికొస్తుంది. అమీలియాకి ఎమ్మా థాంప్సన్ గొంతు. ఆర్డరు ఇస్తే రెండో మాట ఉండదు, అయినా అరవదు. ఇలాంటి కెప్టెన్ కింద పనిచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అంతా బంగారం అని చెప్పను. నిధి ఉన్న గ్రహం మీద దొరికే బెన్ అనే రోబో ఆపకుండా వాగుతూనే ఉంటాడు, అప్పటిదాకా కూడబెట్టిన టెన్షన్ అంతా సగం కారిపోతుంది. చిన్నపిల్లలు మాత్రం వాణ్ణి చూసి విరగబడి నవ్వుతారు, నేను ఒప్పుకుంటాను. ఒక గ్రహాంతరవాసి భాష అపానవాయువు శబ్దాలుగా పెట్టిన జోకు అవసరం లేదు. గ్రహం మీదికి దిగాక కథ పరుగులు పెడుతుంది, ఇంకో పది నిమిషాలు ఉంటే సిల్వర్, జిమ్ ఎదురెదురుగా నిలబడే సీన్లు ఇంకా నిలిచేవి.

కానీ ముగింపు దగ్గర ఏ తప్పూ లేదు. జీవితమంతా కలగన్న నిధి నిండిన పడవ ఒక చేతిలో, పడిపోతున్న కుర్రాడు ఇంకో పక్క. సిల్వర్ పడవ వదిలేస్తాడు. దాన్ని పెద్ద త్యాగంలా వయొలిన్లు పెట్టి లాగలేదు, తిట్టుకుంటూ వదిలేస్తాడు, అందుకే నమ్ముతాం. తర్వాత అతను తప్పించుకుపోతుంటే జిమ్ పట్టివ్వడు. అలాగని సిల్వర్ మంచివాడిగా మారిపోయి ఇంటికొచ్చి తండ్రి స్థానంలో కూర్చోడు కూడా. వెళ్లిపోతాడు, దొంగగానే వెళ్లిపోతాడు. సత్రం మళ్లీ కట్టుకోవడానికి గుప్పెడు రత్నాలు మాత్రం విసురుతాడు. చాలా సినిమాలు ఇక్కడ జారిపోయేవి, ఇది జారలేదు.

ఉత్తమ యానిమేషన్ సినిమాగా ఆస్కార్‌కి నామినేట్ అయింది, ఆ ఏడాది అది జపాన్ సినిమా స్పిరిటెడ్ అవేకి వచ్చింది, దానికి రావడం న్యాయమే. నాకు బాధ కలిగించేది వేరే. ఇది పోయాక చేత్తో గీసే సినిమాల మీద డిస్నీకి నమ్మకం తగ్గింది, 2004 తర్వాత కొన్నేళ్లు ఆ దారే మూసేశారు. 2009లో మళ్లీ ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్‌తో తెరిచింది ఈ ఇద్దరు దర్శకులే. సిల్వర్ మొహంలో ఆ కండరాల కదలిక చూసినప్పుడల్లా, ఇలాంటి చేతులకి అన్నేళ్లు పని లేకుండా చేశారా అనిపిస్తుంది.

చూసేవాళ్లకి రెండు మాటలు. ఐదారేళ్ల లోపు పిల్లలుంటే పక్కన కూర్చోండి, స్క్రూప్ నిజంగానే భయపెడతాడు. ఫోన్లో చూడొద్దు, ఇది ఐమాక్స్‌లో కూడా అదే రోజు విడుదల చేసిన సినిమా, తెర ఎంత పెద్దదైతే అంత బాగుంటుంది, లైట్లు తీసేసి టీవీలో పెట్టండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, సిల్వర్ యాస మొదట్లో అందదు. పదేళ్లు దాటిన పిల్లలైతే సినిమా అవగానే టీవీ కట్టేసి పడుకోమనకండి, వాళ్లు ఏదో ఒకటి అడుగుతారు, దానికి టైమ్ ఉంచుకుని శనివారం రాత్రి పెట్టుకోండి.